ఇన్‌కేపబుల్ అని రాసింది నేనే

ఇంగ్లీషులో చేతకానితనానికి ఎన్ని మాటలున్నాయో నన్నడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతాను. ఇన్‌కేపబుల్, అనేబుల్, ఇన్‌కాంపిటెంట్, ఇనెఫిషియెంట్, అన్‌ఫిట్. ముప్పై ఏడేళ్లు ఆఫీసు కుర్చీలో కూర్చుని ఈ మాటలతోనే బతికాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మా ఆఫీసు పిల్లలు ఈ మధ్య ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మర్చిపోలేని సంగతి ఒకటి రాసివ్వండి సార్" అన్నారు. పెద్దాయన ఏ అవార్డు గురించో, తుఫానులో చేసిన సేవ గురించో రాస్తాడని వాళ్ల ఆశ. నాకు అవార్డులేమీ రాలేదు. తుఫాను వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. అందుకని నేను చేసిన ఒక తప్పు సంగతి రాస్తున్నాను. నచ్చకపోతే వేసుకోకండి.

మాది పల్లెలకు తాగునీరిచ్చే ఆఫీసు. పల్నాడులో ఉందంటే చాలు, ఊరి పేరు వద్దు. సాగర్ కాలవ నీళ్లు పెద్ద చెరువులోకి నింపుకుని, శుభ్రం చేసి, మోటార్లతో గుట్ట మీది ట్యాంకుకెక్కించి, అక్కణ్ణించి చుట్టుపక్కల ఊళ్లకు వదలడం మా పని. మా పని అన్నాను గానీ, నిజానికి అది పంపుహౌసు వాళ్ల పని. ఆ పని గురించి కాగితాలు రాయడం నా పని. పంపుహౌసు మా ఆఫీసుకు నాలుగు కిలోమీటర్ల దూరం. నా సర్వీసంతటిలో అక్కడికి ఎన్నిసార్లు వెళ్లానంటారా? ఆయుధపూజ నాడు మరమరాలు, కొబ్బరిముక్కల కోసం వెళ్లినవి తీసేస్తే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

నూజెండ్ల దగ్గర పల్లెటూరి నుంచి గుమాస్తాగా వచ్చి చేరిన కొత్తల్లో మా పెద్ద గుమాస్తా నన్ను చేరదీశాడు. ఆయన రిటైరవుతూ నాకొక పొడుగాటి నోటుపుస్తకం ఇచ్చాడు. దాని నిండా ఇంగ్లీషు వాక్యాలు. మంచివాణ్ణి మెచ్చుకోవడానికి కొన్ని, తాగుబోతును తిట్టడానికి కొన్ని, అటూ ఇటూ కానివాడికి కొన్ని. ఏటా సిబ్బంది పనితీరు మీద రిపోర్టులు రాయాలి గదా, వాటి కోసం. "ఒరేయ్, సొంతంగా రాయబాకు. సొంతంగా రాసినోడే ఇరుక్కుంటాడు. పాతది చూసి దించు" అని చెప్పి మరీ ఇచ్చాడు. నేను ఆ మాట తూచా తప్పకుండా పాటించాను. పదేళ్లు తిరిగేసరికి మా ఆఫీసులో ఇంగ్లీషంటే నేనే అనే పేరు వచ్చింది. ఇంజనీర్లు సైతం సంతకం పెట్టేముందు, "ఇంగ్లీషు మీదేనా? అయితే చదవక్కర్లేదు" అనేవాళ్లు. అందుకు నేను పొంగిపోయేవాణ్ణి.

నేను రిటైరవడానికి ఏడేళ్ల ముందు పంపుహౌసు ఆపరేటరు ఒకతను గుండెపోటుతో పోయాడు. ముస్లిం కుటుంబం, మనిషికి నలభై కూడా నిండలేదు. కారుణ్య నియామకం కింద అతని భార్యకు హెల్పరు ఉద్యోగం ఇచ్చారు. పంపుహౌసు హెల్పరు అని ఆర్డరులో స్పష్టంగా ఉంది. ఆమె చేరడానికి వచ్చిన రోజున మా ఇంజనీరు ఆమెను వరండాలో కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు.

"ఆడమనిషి గదండీ, ఆ మోటార్ల దగ్గర ఏం చేస్తది? మనకి ఆఫీసులో టీకీ, ఫైళ్లు మోయడానికీ మనిషి లేదు. ఇక్కడే ఉంచుకుందాం. ఏడాది చివర రిపోర్టులో అందుకు తగ్గట్టు ఏదన్నా ఒక ముక్క రాయండి."

ఏడాది చివర అందుకు తగ్గట్టు రాయడానికి నోటుపుస్తకం తీశాను. పేజీలు తిప్పితే ఒక వాక్యం కనపడింది. ఇన్‌కేపబుల్ ఆఫ్ హ్యాండ్లింగ్ మెషినరీ. యంత్రాల పని బొత్తిగా చేతకాని మనిషి అని. ఎప్పుడో తాగి మోటారు కాల్చేసిన ఏ ప్రబుద్ధుడి కోసమో పుట్టిన వాక్యమై ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి, మేం మోటారు ముట్టుకోనే ముట్టుకోనివ్వని మనిషి పేరు పక్కన పెట్టాను. పెట్టినప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. వాక్యం భలే అమిరిందనిపించింది. ఇంజనీరు చదవకుండా సంతకం పెట్టాడు.

ఇలా ఎవరి మీదైనా వ్యతిరేకంగా రాస్తే ఆ సంగతి ఆ మనిషికి తెలియజేయాలని నిబంధన ఉంది. ఇంగ్లీషు రాని మనిషికి తెలియజేసి ఏం లాభమని నేనే ఊరుకున్నాను.

మరుసటి ఏడాది రిపోర్టులు మళ్లీ వచ్చాయి. ఇంజనీరు మారాడు. "పోయినేడు ఏముందో అదే వేయండి" అన్నాడు. వేశాను. ఆ తర్వాతి ఏడూ అంతే. ఆరేళ్లలో నలుగురు ఇంజనీర్లు వచ్చి వెళ్లారు, ఆ వాక్యం మాత్రం బదిలీ కాలేదు. కంప్యూటరు వచ్చాక మరీ హాయి, సంవత్సరం మారిస్తే చాలు. ఒక ఏడాదైతే అది మార్చడం కూడా మర్చిపోయాను. ఎవరూ పట్టుకోలేదు.

ఈ ఆరేళ్లూ ఆమె మా ఆఫీసులో టీ పెట్టింది, ఫైళ్లు మోసింది, బీరువాల దుమ్ము దులిపింది. పనికి వంక పెట్టలేం. ఒక్క విషయంలోనే నాకు ఆమె మీద కోపం. ఫోను. ఉన్నట్టుండి ఫోను చెవికి ఆనించుకుని టీ గదిలో మూలకు పోయేది. కళ్లు మూసుకుని వినేది. ఏదో రెండు ముక్కలు చెప్పి వచ్చేది. వారంలో రెండు మూడు సార్లు ఇదే తంతు. బంధువులతో కబుర్లని నా లెక్క. "ఏమ్మా, మళ్లీ ఫోనా? ఇది ఆఫీసా, మీ ఇల్లా?" అని అందరిలోనూ కసిరేవాణ్ణి. "రెండు నిమిషాలు సార్" అనేదే తప్ప ఎవరితో మాట్లాడుతున్నదీ ఏనాడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నా సర్వీసు ఆఖరి ఏడాది వేసవిలో పంపుహౌసు పాత ఆపరేటరు రిటైరవుతున్నాడు. ఆ పోస్టుకు సీనియారిటీలో మొదటి పేరు ఆమెదే. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి ఐటీఐ ఎలక్ట్రీషియన్ పరీక్ష కూడా పాసయింది. పేరు పై ఆఫీసుకు పంపాం. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆరేళ్ల రిపోర్టులూ ప్రతికూలంగా ఉన్నాయి, ఇన్‌కేపబుల్ అని ఉంది, పది రోజుల్లోపల తర్వాతి పేరు పంపండి అని. ఈ ఖాళీ చేజారితే మళ్లీ ఆపరేటరు పోస్టు ఖాళీ అయ్యేసరికి ఆమెకు యాభై దాటుతాయి. అంటే ఇక జీవితాంతం టీ గదే.

ఆ మధ్యాహ్నం ఆమె ఆ కాగితం జిరాక్సు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. వేలు ఒక మాట మీద పెట్టింది.

"సార్, ఈ మాటకి అర్థం ఏంది?"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"ఫోన్లో చూశా సార్. అసమర్థురాలని వచ్చింది. ఫోను తప్పు చెప్పిందేమోనని మిమ్మల్ని అడుగుతన్నా. ఇంగ్లీషు మీకు చానా వచ్చంటారుగా."

"ఫోను సరిగ్గానే చెప్పిందమ్మా."

"ఎవురు రాశారు సార్?"

"పై ఆఫీసర్లు రాస్తారు. మన చేతిలో ఏముంది?"

"ఏ ఆఫీసరు సార్? నలుగురొచ్చారు, నలుగురికీ టీ నేనే ఇచ్చా. వాళ్లల్లో ఒక్కడన్నా నన్ను మోటారు దగ్గర నిలబెట్టి చూశాడా? టీలో చక్కెర ఎక్కువేసిద్దని రాస్తే ఒప్పుకుంటా. మోటారు సంగతి యాడ చూశారు వాళ్లు?"

ఏడుస్తుందేమో, ఏడిస్తే నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపేద్దామనుకున్నాను. ఏడవలేదు. జిరాక్సు మడిచి నా బల్ల మీదే పెట్టింది.

"నేను అప్పీలు పెట్టుకుంటా సార్. పోస్టు ఇస్తారో ఇవ్వరో వాళ్లిష్టం. ఆ మాట మాత్రం నా పేరు పక్కనుంచి తీసేదాకా ఊరుకోను. ఇంగ్లీషు కాగితం మాత్రం మీరే రాసివ్వాలి."

మా ఆఫీసులో ఇంగ్లీషు కాగితం కావలసిన వాళ్లంతా నా దగ్గరకే రావాలి. ఆమె కూడా అలాగే వచ్చింది. తిట్టు రాసినవాణ్ణే ఆ తిట్టు కొట్టేయమని అడుగుతున్నట్టు పాపం ఆమెకు తెలియదు. రేపు రాసిస్తానన్నాను.

ఇంటికి పోయి శావల్యాపురం హైస్కూల్లో బహుమతిగా వచ్చిన నా పాత డిక్షనరీ తీశాను. ఇన్ని రిపోర్టుల్లో ఇన్ని మాటలు వాడాను గదా, ఒక్కదాని అర్థం కూడా విడిగా చూసిన పాపాన పోలేదు. అప్పుడు చూశాను. అనేబుల్ అంటే ఇప్పుడు ఈ పని చేయలేకపోతున్నాడని. చెయ్యి విరిగినవాడు రాయలేడు, కట్టు విప్పాక రాస్తాడు. ఇనెఫిషియెంట్ అంటే చేస్తాడు గానీ ఈడ్చి ఈడ్చి చేస్తాడని. ఇన్‌కాంపిటెంట్ అంటే ఆ పనికి కావలసినంత పనితనం లేదని. అలా అనాలంటే ముందు ఆ పనితనాన్ని కొలిచి చూడాలి. అన్‌ఫిట్ డాక్టరు రాయాల్సిన మాట. ఇక ఇన్‌కేపబుల్. ఆ మనిషిలో ఆ శక్తే లేదు, ఇప్పుడూ లేదు, నేర్పినా రాదు అని తలుపు మూసేసే మాట. ఇన్నింటిలోకీ నేను ఏరి ఏరి ఆ మాటే పెట్టాను.

"ఏంది, అన్నం చల్లారిపోతంటే ఆ పుస్తకంలో పడ్డారు?" అని మా ఆవిడ వచ్చింది. సంగతి చెప్పాను. ఆమె ఎదురుగా కూర్చుంది.

"మీకు వంటొచ్చా?"

"రాదు."

"ఏనాడన్నా పొయ్యి దగ్గరకొచ్చారా?"

"లేదు."

"మరి పొయ్యి మొహం చూడని మనిషి కూరలన్నీ మాడగొడతాడని నేను వీధంతా చెప్పుకొస్తే మీకెట్టా ఉంటది?"

పుస్తకం మూసేసి కంచం దగ్గరకు పోయాను. డిక్షనరీ చెప్పినదానికంటే ఆమె చెప్పిందే నాకు బాగా అర్థమైంది.

మరునాడు పొద్దున ఆఫీసుకు పోకుండా బండేసుకుని పంపుహౌసుకు పోయాను. కాలవకు నీళ్లు వదిలిన రోజులవి. మోటార్లు ఆగకుండా ఆడుతున్నాయి. పాత ఆపరేటరు నన్ను చూసి ఏదో కొంప మునిగిందనుకుని లేచి నిలబడ్డాడు. బయటికి తీసుకొచ్చి, ఆ హెల్పరు అమ్మాయికి మోటార్ల పని ఏమైనా వచ్చా అని అడిగాను. రెండుసార్లు గట్టిగా అడగాల్సి వచ్చింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి ఫోను తీసి వాట్సాప్ తెరిచాడు. ఆమె పేరు కింద పై నుంచి కింది దాకా అన్నీ వాయిస్ మెసేజీలే.

ఒకటి నొక్కాడు. మోటారు మోత. ఇంకేమీ లేదు. దాని కింద ఆమె జవాబు.

"బాబాయ్, పంపు వైపు బేరింగు అరుస్తంది. గ్రీజు పెట్టు. తగ్గకపోతే అది ఆపేసి రెండోది ఆడించుకో."

ఇంకొకటి. మళ్లీ మోత. "మోటారుకేం కాలా బాబాయ్. గాలి పీలుస్తంది. చెరువులో నీళ్లు తగ్గినయ్యేమో చూడు."

మరొకటి. "ఈసారి సరిగ్గా వినపడలా. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టు, పిడి దగ్గర ఫోను పెట్టి మళ్లీ పంపు."

ఆయన పెట్టుకుంటూ పోతున్నాడు, నేను వింటున్నాను. ఒకదాంట్లో టీ గ్లాసుల చప్పుడు వినపడింది. ఆమె "బాబాయ్, ఒక ఫేజు పోయింది, తొందరగా ఆపు, మోటారు కాలుద్ది" అంటూ ఉండగా వెనక నుంచి ఎవరో మగమనిషి గొంతు. "ఏమ్మా, మళ్లీ ఫోనా? ఇది ఆఫీసా, మీ ఇల్లా?"

అది నా గొంతు. ఆ నిమిషాన నన్నెవరైనా చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

"నాకు చెవులు మందగించి నాలుగేళ్లు దాటింది సార్" అన్నాడు ఆయన. "ఇంతకాలం ఈ మోతలో ఉంటే ఏం మిగులుద్ది? చెబితే అన్‌ఫిట్ అని రాస్తారని చెప్పలా. ఆ అమ్మాయి మాచర్లలో మోటార్లు చుట్టే ఇంట్లో పుట్టింది. వాళ్ల నాన్న షాపులో పదేళ్లప్పుడే కాయిల్స్ చుట్టిందంట. మొగుడున్నప్పుడు అతనికి కూడా ఆ పిల్లే చెప్పేది. మీ కాగితాల్లో నేను మొనగాణ్ణి, ఆమె చేతగానిది. ఎట్టా ఉంది సార్ యవ్వారం?"

ఆయన మీద నేను రాస్తూ వచ్చిన వాక్యం నాకు గుర్తొచ్చింది. యంత్రాల మీద పూర్తి పట్టున్న నిపుణుడు. అదీ నోటుపుస్తకంలోదే, మూడో పేజీ.

"ఈ మాట పై ఆఫీసరు ముందు చెబుతావా? నీ చెవుల సంగతి బయటపడుతుంది" అన్నాను.

"పడనీయండి సార్. నెలాఖరుకు దిగిపోయేవాణ్ణి. ఆ పిల్లని చెవుల కింద వాడుకుని, పోస్టు దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకుంటే నాకు అన్నం సహిస్తదా?"

ఆఫీసుకొచ్చి తలుపు వేసుకుని నోట్ రాయడానికి కూర్చున్నాను. ముప్పై ఏడేళ్లలో మొదటిసారి దేన్నీ చూసి దించలేదు. ఈ ఉద్యోగి మీద ఆరేళ్లుగా ఉన్న వ్యాఖ్య నేను రాసింది, రాసేముందు ఆమె పని నేను చూడలేదు, నాకు తెలిసినంతలో ఏ అధికారీ చూడలేదు, దయచేసి తొలగించండి. ఇంతే. ఆమెను పిలిచి తెలుగులో చదివి వినిపించాను.

"అంటే మీరేనా సార్?"

"నేనేనమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. "ఆరేళ్లు మీకు చక్కెర తక్కువేసి టీ ఇచ్చా సార్, షుగరుందని" అని బయటికి పోయింది.

మా ఇంజనీరు నోట్ చదివి ఎర్రబడ్డాడు. "రిటైర్మెంటు ముందు ఇదేం పిచ్చండీ? మీరు రాశానంటే సంతకాలు పెట్టిన మేమంతా ఏమైపోవాలి? ఒక పని చేద్దాం. ఈ ఏడాది ఇంప్రూవ్డ్ అని రాద్దాం. మెరుగుపడిందంటాం. ఆమె పనీ అవుద్ది, అందరి పరువూ దక్కుద్ది."

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆశ పుట్టింది. మంచి మాట, మెత్తని మాట, నోటుపుస్తకంలో కూడా ఉంది. కానీ ఆ మాట పెడితే మొదట్లో ఆమెకు చేతకాలేదన్నది నిజమైపోతుంది. "మెరుగుపడాలంటే ముందు చెడ్డగా ఉండాలి గదా సార్" అన్నాను. "అయితే మీరే పోయి చెప్పుకోండి" అని నోట్ నా మీదికి తోశాడు.

చెప్పుకునే రోజు గడువుకు రెండు రోజుల ముందు వచ్చింది. కాలవ నీళ్ల తనిఖీకి పెద్ద ఇంజనీరు మా ఆఫీసుకు వచ్చాడు. నేను నోట్, నోటుపుస్తకం, పాత ఆపరేటరు, ఆయన ఫోనుతో సహా లోపలికి పోయాను. మా ఇంజనీరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు కూడా టీ ట్రే పట్టుకుని వచ్చింది ఆమే.

పెద్దాయన నోట్ చదివాడు. "ఏ ఆధారంతో రాశారు ఈ మాట?"

"ఈ పుస్తకం చూసి సార్."

ఆయన నోటుపుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. నవ్వు వచ్చినట్టుంది గానీ నవ్వలేదు. "వీటిలో సగం వాక్యాల కింద నేను సంతకాలు పెట్టాను" అన్నాడు మెల్లగా. తర్వాత ఆపరేటరు ఫోనులో మెసేజీలు విన్నాడు. నా గొంతు ఉన్నది కూడా విన్నాడు. నేను నేల చూపులు చూశాను.

"సరే. ఈమెకు ఒక పరీక్ష పెడదాం. పాసైతే వ్యాఖ్య తీసేద్దాం" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ట్రే బల్ల మీద పెట్టి నిలబడింది.

"పోస్టుకి పరీక్ష పెట్టండి సార్, ఎన్నన్నా పెట్టండి, రాస్తా, చేస్తా. ఆ మాట తీసేయడానికి మాత్రం పెట్టబాకండి."

"ఎందుకని?"

"రాసేటప్పుడు పరీక్ష పెట్టలేదు గదా సార్. తీసేయడానికి మాత్రం ఎందుకు?"

మా ఇంజనీరు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. పెద్దాయన టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా మళ్లీ కింద పెట్టాడు. "నిజమే" అన్నాడు. ఆరేళ్ల వ్యాఖ్యలూ కొట్టేస్తున్నట్టు అక్కడికక్కడే నోట్ మీద రాసి సంతకం పెట్టాడు. పోస్టుకు ఆమె పేరే మళ్లీ పంపమన్నాడు. మర్నాడు పంపుహౌసులో రెండు గంటల సేపు పరీక్ష పెట్టారు. అది ఎలా జరిగిందో నేను రాయక్కర్లేదు.

ఆ తర్వాత పెద్దాయన నా వైపు తిరిగాడు. "మీకు మెమో ఇవ్వక తప్పదు. సర్వీసు రిజిస్టరులో ఎక్కుతుంది. ఇంగ్లీషు మీకే బాగా వచ్చంటున్నారు గదా, మీరే డ్రాఫ్టు చేసి తీసుకురండి."

నా బల్ల దగ్గర కూర్చుని కాగితం తీశాను. నోటుపుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయింది. నా మీద ఏ మాట పెట్టాలి? అనేబుల్ కాదు. బండికి పెట్రోలుంది, కాళ్లు బాగున్నాయి, పంపుహౌసు నాలుగు కిలోమీటర్లు. ఇన్‌కేపబుల్ అని రాసుకుంటే నన్ను నేను వదిలేసినట్టే. శక్తి లేనివాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. ఇన్‌కాంపిటెంట్ అనుకుందామా అంటే, నా పనితనానికేం లోటు, అంత చక్కగా దించినవాడు జిల్లాలో ఇంకొకడు లేడు. చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఒకటే వాక్యం రాశాను. హి డిడ్ నాట్ గో అండ్ సీ. ఆయన వెళ్లి చూడలేదు.

పెద్దాయన చదివి, "ఇదేం ఇంగ్లీషండీ, మూడో తరగతి పిల్లల ఇంగ్లీషు" అన్నాడు.

"అంతకంటే సరిగ్గా రాయడం నాకు రాదు సార్."

సంతకం పెట్టాడు. నా సర్వీసు రిజిస్టరు చివరి పేజీల్లో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది. నేను రాసిన అన్ని రిపోర్టుల్లోనూ ఆధారం చూసుకుని రాసింది అదొక్కటే.

ఈ మధ్య ఇంటికొచ్చిన పిల్లల్లో ఒకరిద్దరు ఆ నోటుపుస్తకం ఉంటే ఇమ్మని అడిగారు. లేదు నాయనా, నేను తిరిగి అడగలేదు. అయినా మీకు దాంతో పనేముంది? ఎవరి మీద ఏం కావాలన్నా క్షణంలో నున్నటి ఇంగ్లీషులో రాసిచ్చేవి మీ ఫోన్లలోకి వచ్చాయటగా. నా పుస్తకం కంటే వెయ్యి రెట్లు బాగా రాస్తాయట. కానీ పంపుహౌసుకు అవి కూడా పోవు. మీరే పోవాలి.

రిటైరయ్యే ముందు రోజు నేను మళ్లీ పంపుహౌసుకు పోయాను. ఆమె అప్పటికి ఆపరేటరుగా చేరి కొన్ని నెలలైంది. గోడకు వేలాడే లాగ్‌బుక్కు, జేబులో టెస్టరు, చేతులకు గ్రీజు. నన్ను చూసి కుర్చీ తుడిచింది, టీ మాత్రం ఇవ్వలేదు. "ఇక్కడ టీ పెట్టే మనిషి లేదు సార్" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు తగలాల్సిన చోట తగిలింది.

ఎందుకొచ్చానో చెప్పాను. మోటారు మోతలో నువ్వు వినేదేదో నాకూ వినాలని ఉంది అన్నాను. ఆమె ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, మొన బేరింగు మీద ఆనించి, పిడి నా చెవికి పెట్టింది.

"ఏం వినపడతంది సార్?"

"గుర్రుమంటంది."

"అది మోటారు సార్. దాని లోపల ఇంకో చప్పుడుంది. సన్నగా. వినండి."

కళ్లు మూసుకున్నాను. ఆమె టీ గదిలో మూసుకున్నట్టే మూసుకున్నాను. అయిదు నిమిషాలు విన్నాను. గుర్రు తప్ప ఇంకేం లేదు. పిడి తీసి ఆమె చేతికిచ్చి, "నా వల్ల కాదమ్మా, ఇది నాకు చేతకాదు" అన్నాను.

ఆమె స్క్రూడ్రైవరు గుడ్డతో తుడిచి మేకుకు తగిలించింది.

"ఒక్కపూటకే అట్టా తేల్చేయబాకండి సార్. ఇయ్యాల వినపళ్లా, అంతే. రేపు రండి."